మీగడ మరిచిన పేర్లు

పసుపు వల్ల ఎవరికైనా కీడు జరిగిందంటే కాకినాడలో ఎవరూ నమ్మరు. ఇందుమతి కూడా నమ్మేది కాదు, ఆ పసుపు తన చేత్తోనే రాసి ఉండకపోతే.

దసరాకు ఆయుధపూజ చేయడం క్షీరధార తల్లిపాల కేంద్రంలో మొదటినుంచీ ఉన్న ఆచారం. సీసాలు కడిగే యంత్రానికీ, ఫ్రీజర్లకూ, పాలు తెచ్చే వ్యానుకూ, ఆఖరికి తాళాల గుత్తికి కూడా పసుపు కుంకుమలు పెడతారు. "ఆ జ్ఞాపకాల జాడీకి కూడా కాస్త రాయవే. అన్నిటికీ రాసి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే చిన్నబుచ్చుకుంటాది" అని ఇందుమతి అత్తగారు వరహాలమ్మ ఇంట్లో కొట్టిన పసుపు పొట్లం కట్టి మరీ ఇచ్చింది. ఏటా జాడీ ఉండే ఉక్కు బీరువా తలుపుకు రాసేవారు. ఈ ఏడు ఏదో మరమ్మతు కోసం ఆ తలుపు ఊడదీసి ఉంది. లోపల జాడీ మూత తళతళలాడుతూ కనిపించింది. ఇందుమతి దానికి నిండుగా పసుపు పూసి, మూడు బొట్లు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. మూతకు గాలి ఆడే సన్నటి రంధ్రాలున్నాయని పదేళ్ళుగా ఆ జాడీని చూసుకుంటున్న ఆమెకు తెలియక కాదు. భక్తిలో ఉన్నప్పుడు అలాంటివి గుర్తు రావు.

ఆ జాడీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు కన్నతల్లి దగ్గర పాలు లేకపోతే, వేరే తల్లులు ఇచ్చిన పాలు భద్రం చేసి అందించడం ఆ కేంద్రం పని. ఎవరి పాలు ఏ బిడ్డకు పడతాయో చూడకుండా ఇవ్వకూడదు. అందుకని పదకొండు వేల మంది తల్లుల వివరాలు, అంటే రక్తపరీక్షలు, వాడే మందులు, తినే తిండి, ఎన్నో నెలలో కన్నదీ, అన్నీ ఆ జాడీలో దాచారు. అది కంప్యూటరు డిస్కు కాదు. అందులో ఉన్నది ప్రాణం. డాక్టర్ కామేశ్వరి అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఇరవయ్యేళ్ళు కష్టపడి సాకిన జీవరాశి. చెప్పినదాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఏ రెండు సంగతులు కలిపి అడుగుతామో ఆ రెంటి మధ్యా కంటికి ఆనని పోగు ఒకటి సాగదీసుకుంటుంది. మొదటిసారి అడిగితే తడుముకుంటుంది. పదోసారికి ఆ పోగు దారమై, అడిగీ అడగ్గానే చెప్పేస్తుంది. ఒంటివేడంత వెచ్చదనం, రోజుకు నాలుగు చెంచాల చక్కెరనీళ్ళు ఉంటే చాలు. పైన తెల్లగా పొర కడుతుంది కాబట్టి, కామేశ్వరి పెట్టిన నోరు తిరగని పేరు మానేసి అందరూ దాన్ని మీగడ అని పిలుచుకునేవారు.

పూజ అయిన మూడో రోజుకు మీగడ పచ్చబడింది. నాలుగో రోజుకు విరిగిపోయింది. అడిగితే ఉలకదు, పలకదు.

దేవుడి దయవల్ల వారం వారం చెంచాడు మీగడ తీసి, ఆరబెట్టి, పొడి చేసి చల్లటి గదిలో దాచే అలవాటు ఉంది. ఆ పొడిని కొత్త జాడీలో కలిపి, వెచ్చబెట్టి, రెండు రోజులు కాచుకుని కూర్చున్నారు. మూడో రోజు పొద్దున పొర కట్టింది. అక్కడొక పేరూ ఇక్కడొక పేరూ అడిగి చూశారు. అన్నీ ఉన్నాయి. ఒక్క తల్లి కూడా తప్పిపోలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు మిఠాయి తెప్పించాడు.

మిఠాయి నోట్లో ఉండగానే పసిపిల్లల వార్డు నుంచి సిస్టర్ రూతమ్మ ఫోన్ చేసింది. "ఇందూ, మూడో మంచం బాబుకి పాలు అడిగి ఇరవై నిమిషాలైంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చచ్చిందా బతికిందా?"

బతికే ఉంది. నలభై ఏడు నిమిషాల తర్వాత జవాబు చెప్పింది. జవాబు తప్పేం లేదు. కాకపోతే అంతకు ముందు అదే జవాబు రెప్పపాటులో వచ్చేది.

ఆ రోజునుంచీ ఇందుమతి పని కుడితిలో పడ్డ ఎలుక చందమైంది. జాడీ వేడి చూసింది, సరిగ్గానే ఉంది. తీగలు మార్పించింది. నెలవారీ ఉత్తరాలు, లెక్కల కాగితాలు, జాడీని అడిగే అనవసరపు పనులన్నీ ఆపించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు ఇద్దరు కుర్రాళ్ళను పంపితే వాళ్ళు ఒక పూటంతా చూసి, "డేటా అంతా ఉందండీ, మా వైపు ఏం సమస్య లేదు" అని చెప్పి టీ తాగి వెళ్ళారు. ఒక మేలు మాత్రం చేశారు. గంటకు మించి చక్రం తిరిగితే ప్రశ్న దానంతటదే ఆగిపోయేలా గడువు పెట్టారు. అది మేలో కీడో తర్వాత తెలిసింది.

వార్డులో అప్పటికి పంతొమ్మిది మంది పిల్లలున్నారు. పద్ధెనిమిది మందికి పాత జతలు తెలుసు కాబట్టి ఏదోలా నెట్టుకొస్తున్నారు. ఏడో మంచం పాపే కొత్తది. మీగడ విరిగిన మర్నాడు పుట్టింది. ఏడో నెలలో, తొమ్మిది వందల గ్రాముల బరువుతో. తల్లి మంగ ఇంకా పెద్దాసుపత్రిలో ఒళ్ళు తెలియని జ్వరంతో ఉంది. మూడు రకాల పాలు ఇచ్చి చూశారు. మూడుసార్లూ పాపకు విరేచనంలో రక్తం పడింది. డాక్టరు పరీక్షలు చేసి తేల్చిందేమంటే, ఇచ్చిన తల్లి తిన్న పాలూ పెరుగూ నెయ్యీ ఆమె పాలలోకి అణువంత దిగినా ఈ పాప పేగు తట్టుకోలేదు. డబ్బాపాలు అసలే పనికిరావు. ప్రస్తుతం సెలైన్ మీదే ఉంది. గుచ్చడానికి నరాలు దొరకడం లేదు. మహా అయితే ఇంకో అయిదారు రోజులు లాగొచ్చు.

కావలసింది ఒక తల్లి. నెలలు నిండకముందే కని ఉండాలి, అలాంటి తల్లి పాలకే అంత చిన్న బిడ్డను నిలబెట్టే బలం ఉంటుంది. పరీక్షలన్నీ శుభ్రంగా ఉండాలి. పాలూ పెరుగూ నెయ్యీ ముట్టనిదై ఉండాలి. గోదావరి జిల్లాల్లో బాలింతకు నెయ్యి వేయకుండా అన్నం పెట్టే ఇల్లు ఎక్కడుంది? ఇందుమతి ఆ ప్రశ్నను మీగడకు పదిసార్లు వేసింది. పదిసార్లూ గంట తర్వాత ఒకటే మాట వచ్చింది: "సరిపడే తల్లి లేదు."

పాప తండ్రి అప్పలరాజు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వార్డు బయట బల్ల మీద కూర్చుని, ఇందుమతి కనబడ్డప్పుడల్లా లేచి నిలబడేవాడు. కోప్పడేవాడు కాదు. అదే కష్టంగా ఉండేది.

"దొరికిందాండి మేడంగారూ?"

"చూస్తున్నామయ్యా."

"ఆయ్. చూడండి. మీరు చూత్తన్నారు కదాని నేను ధైర్యంగా ఉన్నానండి."

ఆమె తల దించుకుని వెళ్ళిపోయేది. తన అరచేతిలో ఇంకా పసుపు వాసన వస్తున్నట్టే ఉండేది. మీగడ ఎందుకు విరిగిందో ఎవరికీ తెలియదు. వాతావరణం వల్లేమో అని మేనేజరు నివేదికలో రాసుకున్నాడు. ఇందుమతి నోరు విప్పలేదు.

కబురు అందుకుని మర్నాడు మధ్యాహ్నానికి డాక్టర్ కామేశ్వరి విశాఖపట్నం నుంచి దిగింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, భుజాన గుడ్డసంచి. జాడీ ముందు స్టూలు వేసుకుని, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"పోగులు లేవు," అంది చివరికి. "ఆరబెట్టి పొడి చేసినప్పుడు జ్ఞాపకాలు నిలుస్తాయి కానీ పోగులు తెగిపోతాయి. వరదొచ్చి తీసిన ఊరిలాగా. ఇళ్ళన్నీ ఉన్నాయి, బాటలే పోయాయి. అందుకే ఏది అడిగినా మొదటి ఇంటి నుంచి తలుపు కొట్టుకుంటూ వస్తోంది."

"మళ్ళీ ఎప్పటికి పడతాయి మేడం?"

"అడగ్గా అడగ్గా పడతాయి. మూడు నెలలు అనుకో."

ఇందుమతి స్టూలు పక్కనే నేల మీద కూలబడింది. ఇంక దాచుకోవడం తన వల్ల కాలేదు. "నేనే చంపాను మేడం. పూజ రోజు మూతకి పసుపు రాశాను. రంధ్రాలున్నాయని తెలిసి కూడా రాశాను." చెబుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

కామేశ్వరి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. "దగ్గరకు రానివ్వకూడనివి అని నలభై పేర్లు రాసి గోడకు అంటించాను. ఫినాయిలు, స్పిరిట్, సబ్బునీళ్ళు, అగరుబత్తి పొగ. పసుపు రాయలేదు చూడు! దెబ్బ తగిలితే పసుపు అద్దే ఇంట్లోనే పుట్టాను. సూక్ష్మజీవుల్ని చంపుతుందనే కదా అద్దేది. తప్పు నీదొక్కదానిదే కాదులే. లేచి మొహం కడుక్కో. పాపకి మన ఏడుపు కాదు కావలసింది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వరహాలమ్మ వంటింట్లో మినప్పప్పు కడిగి గిన్నెలో పోస్తోంది. కోడలి వాలకం చూసి, "ఏంటే, మొహం అలా వేలాడేసుకొచ్చావ్? ఇంకా మొరాయిస్తానే ఉందా మీ జాడీ?" అని అడిగింది. పసుపు సంగతి ఇందుమతి ఆవిడకు చెప్పలేదు. నమ్మదు, పైగా తన మీదే విరుచుకుపడుతుంది. నిదానం గురించి మాత్రం చెప్పింది. పది గంటల పాల కోసం పది గంటలకు అడిగితే పదకొండుకు చెబుతోందనీ, ఈలోగా రావడం లేదని ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారనీ, నొక్కినకొద్దీ ఇంకా కునుకుతోందనీ.

వరహాలమ్మ గిన్నె మీద పళ్ళెం మూసి, చేతులు తుడుచుకుంది. "రేపు పొద్దున్న ఏడింటికి మీ ఆయనకి ఇడ్లీ కావాలని నాకివాళే తెలుసు. అందుకే ఇప్పుడు నానబోశాను. ఆకలేసినప్పుడు నానబోస్తే ఎప్పుడు రుబ్బుతాం, ఎప్పుడు తింటాం? ఆ పిల్లలకి రేపు పదింటికి పాలు కావాలని మీకివాళ తెలీదా?"

ఇందుమతి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తెలుసు. పిల్లలు పాలు తాగే వేళలు పెద్దవాళ్ళ ఆఫీసు వేళలకన్నా ఖచ్చితం. రేపటి ప్రశ్నలన్నీ ఇవాళే తెలుసు. మీగడ రెప్పపాటులో చెప్పిన రోజుల్లో ముందు అడగాల్సిన అవసరం రాలేదు కాబట్టి, ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ వెంటనే ఇంకో సంగతి కూడా మెదిలింది. గంటలో ఆగిపోతే అది మొత్తం వెతికినట్టా, వెతకనట్టా?

మర్నాడు పొద్దున్నే వెళ్ళి కామేశ్వరిని అదే అడిగింది. ఆవిడ తెర ముందు కూర్చుని చూసి, నుదురు కొట్టుకుంది. "లేదు అని వచ్చినప్పుడల్లా అది లేదని చెప్పడం కాదు, ఇందుమతీ. గడువు అయిపోయి మధ్యలో ఆగిపోయింది. ఆ కుర్రాళ్ళు రెంటికీ ఒకటే మాట పెట్టారు. పదకొండు వేలలో నాలుగు వందల పేర్లు కూడా చూడకుండానే లేదు అంటోంది. మళ్ళీ అడిగితే మళ్ళీ మొదటి నుంచీ వస్తోంది."

"అంటే మన తల్లి లోపల ఉండి ఉండొచ్చు."

"ఉండొచ్చు. ఆఖరిదాకా చదవనిస్తే తెలుస్తుంది."

లెక్క వేశారు. వేరే ఎవరూ తోసుకురాకుండా ఉంటే మీగడ ఒక్కో పేరుకు మూడు సెకన్లు తీసుకుంటుంది. మొత్తం చదవడానికి తొమ్మిది గంటలకు పైనే. తొమ్మిది గంటలు ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయకూడదు. పైగా, ఇంకా పసిగా ఉన్న మీగడ అంతసేపు ఆగకుండా చదివితే ఒళ్ళు వేడెక్కుతుంది. వేడి నలభై డిగ్రీలు దాటితే చచ్చిపోతుంది. చస్తే మళ్ళీ పొడి, మళ్ళీ వారం. ఏడో మంచం పాపకు వారం లేదు.

నిదానమే ప్రధానం అన్నవాళ్ళూ మనవాళ్ళే, ఆలస్యం అమృతం విషం అన్నవాళ్ళూ మనవాళ్ళే. మేనేజరు ఈ రెంటి మధ్యా ఊగిసలాడి, "మీ బాధ్యతేనా?" అని అడిగాడు. "నా బాధ్యతే" అంది ఇందుమతి. ఆ మాట అనగలిగినందుకు మొదటిసారి గుండె తేలికైంది.

ఆ రోజంతా నానబోత సాగింది. పద్ధెనిమిది మంది పిల్లలకు మర్నాడు సాయంత్రం దాకా కావలసిన పాలన్నీ వరసగా కాగితం మీద రాసి, ఒకదాని తర్వాత ఒకటి అడిగారు. తోపులాట లేకపోయేసరికి నలభై ఏడు నిమిషాల ప్రశ్నలు పదేసి నిమిషాల్లోనే తెమిలాయి. రూతమ్మ నమ్మలేకపోయింది. "ఇన్నాళ్ళూ మనమే దాని పీక మీద కూర్చున్నామన్నమాట!"

మర్నాడు ఉదయం ఆరున్నరకు కామేశ్వరి ఆ గడువు తీసేసింది. ఇందుమతి ఏడో మంచం ప్రశ్న వేసింది. వార్డులో తెరలన్నిటికీ రూతమ్మ తువ్వాళ్ళు కప్పేసింది, అలవాటుకొద్దీ ఎవరి వేలూ వెళ్ళకుండా.

వేగంగా ఉన్న రోజుల్లో మీగడ ఏం చదువుతుందో కనబడేది కాదు. ఇప్పుడు ఒక్కో పేరూ తెర మీద మూడు సెకన్లు నిలబడి వెళ్తోంది. పేరు, ఊరు, బిడ్డ, తిండి, చివర "పిలిచినది" అని ఒక గడి. పొడిలో వరస చెదిరిపోవడంతో పాతవీ కొత్తవీ కలగలిసి వస్తున్నాయి. ఇందుమతి టీ తాగుతూ ఊరికే చూస్తూ కూర్చుంది. కొన్ని పేర్ల దగ్గర ఆ గడిలో నూట నలభై సార్లు, రెండు వందల సార్లు అని ఉంది. వాళ్ళంతా ఆమెకు తెలుసు. వ్యాను వెళ్ళే దారిలోనే ఉంటారు. మరి కొన్ని పేర్ల దగ్గర వేరే మాట ఉంది.

"పిలిచినది: ఎన్నడూ లేదు."

మొదటిది చూసి పొరపాటేమో అనుకుంది. పదోది చూసేసరికి టీ గ్లాసు పక్కన పెట్టి, గోడ మీది క్యాలెండరులో అయిపోయిన నెల చింపి, వెనకవైపు రాసుకోవడం మొదలుపెట్టింది.

"మేడం, ఏంటిది? వీళ్ళంతా ఇస్తామని పేరు రాయించుకున్నవాళ్ళు. పరీక్షలు బాగున్నాయి. ఒక్కసారైనా ఎందుకు పిలవలేదు?"

కామేశ్వరి తెరవంకే చూస్తోంది. ఆవిడ ముఖం పాలిపోయింది. "పోగులు," అంది. "అడిగినవాళ్ళ వైపే దారి పడుతుంది. దారి ఉన్నవాళ్ళే ముందు దొరుకుతారు. దొరికినవాళ్ళనే మళ్ళీ అడుగుతాం. వేగం, వేగం అని నేనే మురిసిపోయాను. మొదట్లో పిలుపు పడనివాళ్ళు ఇంక ఎప్పటికీ దొరకరని నాకు తట్టనే లేదు. ఇది మరిచిపోలేదు, ఇందుమతీ. ఇన్నేళ్ళూ పక్కన పెట్టింది."

పదకొండు గంటలకు జాడీ వేడి ముప్ఫైతొమ్మిది దాటింది. రూతమ్మ పరుగున వచ్చి, జ్వరం వచ్చిన పిల్లకు వేసినట్టు జాడీ చుట్టూ తడిగుడ్డ చుట్టింది. ఆరిపోగానే మళ్ళీ తడిపింది. ప్రార్థన చేసుకుంటూనే తడిపింది. వేడి ముప్ఫైతొమ్మిదిన్నర దగ్గర ఆగింది.

మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో ఒక పేరు వచ్చింది. శేషారత్నం, తాళ్ళరేవు. "బిడ్డ: దక్కలేదు. ఎన్నాళ్ళు ఇవ్వగలరు: ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు. పిలిచినది: ఎన్నడూ లేదు." చేరిన తేదీ చూస్తే ఏడు నెలలైంది. మూడు సెకన్లు నిలబడి ఆ పేరు వెళ్ళిపోయింది. ఇందుమతి రాసుకుంది గానీ, కలం ముందుకు సాగలేదు. బిడ్డ పోయిన ఇంట్లో, చేపు వచ్చినప్పుడల్లా ఫోను వంక చూసుకుని ఉంటుంది ఆ తల్లి. 

మూడు గంటల యాభై నిమిషాలకు చక్రం ఆగింది. తెర మీద ఒకే ఒక్క పేరు కదలకుండా నిలబడింది.

పల్లాల చెల్లమ్మ. ఊరు ఇప్పలమామిడి, మారేడుమిల్లి పైన కొండల్లో. ఎనిమిదో నెలలో కాన్పు. బాబు క్షేమం. పరీక్షలన్నీ బాగున్నాయి. తిండి గడిలో, నెల కిందట పేరు రాసుకున్న ఆశా కార్యకర్త చక్కగా ఒక వాక్యం రాసి పెట్టింది: "పాలు, పెరుగు, నెయ్యి వీరి ఇళ్ళల్లో వాడరు." పిలిచినది: ఎన్నడూ లేదు.

ఆశా కార్యకర్తకు ఫోన్ చేస్తే ఆమె కొండెక్కి, సిగ్నలు తగిలే చోటికి చెల్లమ్మను తీసుకొచ్చేసరికి గంట పట్టింది. ఫోనులో గాలి హోరు, వెనక పిల్లాడి ఏడుపు.

"పాలు ఇత్తానండి. ఎందుకివ్వను? పిలుత్తారని చూసేనండి. పిలవకపోతే నా పాలు బాగోలేదేమో అనుకున్నా. మా వాడు తాగ్గా మిగిలినయ్యి రోజూ పిండి పారబోత్తన్నా."

ఇందుమతి ఫోను చెవికి నొక్కి పట్టుకుంది. "చాలా మంచివమ్మా నీ పాలు. నువ్వు ఆవుపాలు గానీ గేదెపాలు గానీ తాగవు కదా? కాన్పయ్యాక కూడా? నెయ్యి?"

అవతల ఆ అమ్మాయి నవ్వింది. "అయ్యెందుకు తాగుతామండి? ఆవుపాలు దూడయ్యి కదా."

ఈ కబురు విన్న అప్పలరాజు ఇంక కూర్చోలేదు. వ్యాను రేపు పొద్దున గానీ వెళ్ళదని మేనేజరు అంటుండగానే, "ఐసు సంగతి నాకొదిలేయండి బాబూ, పుట్టి బుద్ధెరిగాక చేత్తంది అదే పని" అని ఫ్యాక్టరీకి పరుగెత్తి, చేపలకు వాడని కొత్త పెట్టె ఒకటి కడిగించుకుని, ఐసు నింపుకుని, కేంద్రం ఇచ్చిన సీసాలు పెట్టుకుని బస్సెక్కాడు. మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఎనిమిది సీసాలు. ఒక్క ఐసుగడ్డ కూడా పూర్తిగా కరగలేదు. పెట్టె పైన ఆకులో చుట్టిన తేనెపట్టు ముక్క ఒకటుంది. అది పాప తల్లికని చెల్లమ్మ పంపిందట.

పాలు మరోసారి పరీక్ష చేసి, వేడి చేసి చల్లార్చి, రూతమ్మ ఒక్క మిల్లీలీటరు గొట్టంలో పోసింది. అప్పలరాజు గాజు తలుపుకు నుదురు ఆనించి నిలబడ్డాడు. ఇందుమతి అతని పక్కన నిలబడింది. ఆ పూట రక్తం పడలేదు. మర్నాడు రెండు మిల్లీలీటర్లు. రక్తం పడలేదు. నాలుగో రోజు సెలైన్ తగ్గించారు. పన్నెండో రోజు తూకం వేస్తే వెయ్యి గ్రాములు దాటి ముల్లు కదిలింది. రూతమ్మ గట్టిగా "స్తోత్రం!" అని అరిస్తే మిగతా పద్ధెనిమిది మంది ఉలిక్కిపడి ఏడ్చారు. అదే వారం మంగకు జ్వరం దిగింది. చక్రాల కుర్చీలో వచ్చి కూతుర్ని మొదటిసారి చూసుకుంది. తేనె నాకుతూ, "ఈ చెల్లమ్మ ఎవరో నేను చూడాలి" అని మొగుణ్ణి పీక్కుతింది.

మీగడకు పోగులు మళ్ళీ పడుతున్నాయి. పది నిమిషాల ప్రశ్నలు అయిదుకు, అయిదువి రెండుకు వచ్చాయి. అయినా నానబోసే అలవాటు ఎవరూ మానలేదు. కామేశ్వరి వెళ్ళేముందు ఇంకో పద్ధతి పెట్టింది. ప్రతి శుక్రవారం ఒక ప్రశ్నను పోగులతో పని లేకుండా, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివించాలి. ఆ పూట ఎవరో ఒకరు తెర ముందు కూర్చుని చూడాలి. "నా పేరు చెప్పి విసుక్కుంటారు, విసుక్కోండి" అని నవ్వి బస్సెక్కింది. గోడ మీది జాబితాలో నలభై ఒకటోదిగా పసుపు చేరింది. అది తెలిసి వరహాలమ్మ వారం రోజులు కోడలితో మాట్లాడలేదు. తర్వాత తనే, "పోనీ కుంకం పెట్టొచ్చా?" అని అడిగింది.

క్యాలెండరు కాగితం మీద మొత్తం రెండు వందల పదమూడు పేర్లు తేలాయి. ఇందుమతి రోజూ భోజనం వేళకు ముందు ఏడెనిమిది మందికి ఫోన్ చేసింది. కొందరు ఇప్పటికీ ఇస్తామన్నారు. కొందరు తిట్టారు, పడింది. చాలామందికి పాలు ఎప్పుడో ఇంకిపోయాయి. తాళ్ళరేవు పేరు దగ్గరికి వచ్చినప్పుడల్లా కింది పేరుకు జారిపోయేది. అలా నెల రోజులు జారింది. కార్తీకమాసంలో ఒక సోమవారం ఉదయం, జాబితాలో ఆ ఒక్క పేరే మిగిలింది.

ఫోను మూడోసారి మోగాక తీశారు. తను ఎవరో చెప్పింది. 

"శేషారత్నం గారూ, మీ దగ్గర ఇప్పుడు పాల కోసం కాదమ్మా ఫోన్ చేసింది. మీకొక మాట చెప్పాలి. మీ పాలు మంచివి. పరీక్షలన్నీ బాగున్నాయి. పిలవకపోవడం మా తప్పు. మా యంత్రం తప్పు, దాన్ని నమ్ముకుని కూర్చున్న మా తప్పు."

శేషారత్నం గొంతు నెమ్మదిగా వచ్చింది. "నా పాలల్లోనే ఏదో ఉందనుకున్నానండి. అందుకే మా బాబు దక్కలేదనీ, అందుకే మీరు కూడా పిలవలేదనీ. ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా అనలేదండి."

ఇందుమతి కళ్ళు తుడుచుకుని కుర్చీ దగ్గరకు లాక్కుంది. మీగడను శేషారత్నం పరీక్షల కాగితం అడిగింది. ఇదివరకెవరూ అడగని పేరు కావడంతో చక్రం కొంచెంసేపు తిరిగింది. కాగితం తెర మీదకు రాగానే, ఆ పరీక్షలేమిటో, ఒక్కోదానికి ఏమని వచ్చిందో, ఒక్కొక్క గీతా చదివి వినిపించింది. దోషం లేదు. దోషం లేదు. దోషం లేదు. పాలు శ్రేష్ఠం. కింద డాక్టరు సంతకం, తేదీ.

"ఇంకొక్కసారి చదువుతారా అండి?" అని అడిగింది శేషారత్నం. "మా ఆయన్ని పిలుత్తాను. ఆయన కూడా వినాలి."

ఇందుమతి ఆయన వచ్చేదాకా ఆగి, మళ్ళీ మొదటి గీత నుంచి, నిదానంగా చదివింది.